ఏటీఆర్ 72-600: చెన్నై నుంచి మన ఊళ్లకు తిరిగే పంకా విమానంపై ఒక మెయింటెనెన్స్ ఇంజినీరు సమీక్ష

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో రాజమండ్రికో విజయవాడకో టికెట్టు తీసే ముందు తప్పకుండా వచ్చే ప్రశ్న, "అది పెద్ద విమానమా, పంకా విమానమా?" అన్నది. పంకా విమానమని తేలగానే పెద్దవాళ్లు రైలు వైపు మొగ్గుతారు, కుర్రకారు నాలుగు డబ్బులు ఎక్కువైనా జెట్టు దొరుకుతుందేమోనని ఫోనులో వెతుకుతారు. చెన్నై విమానాశ్రయమైన మీనంబాక్కంలో రాత్రి షిఫ్టుల్లో ఈ విమానాలను పరీక్షించి, అవసరమైన మరమ్మతు చేసి, సంతకం పెట్టి తెల్లవారేసరికి పంపించడం నా ఉద్యోగం; సెలవు దొరికితే గోదావరి జిల్లాకు వెళ్లేటప్పుడు నేను ఎక్కేదీ వీటినే. అందువల్ల ఈ యంత్రం మీద నాకు కొంత అభిమానం ఉన్నదన్న సంగతి పాఠకులు గమనంలో ఉంచుకోవాలి. ఇది ఏ విమానయాన సంస్థ సేవల మీదా తీర్పు కాదు. మన దేశంలో ఇండిగో, అలయన్స్ ఎయిర్ వంటి సంస్థలు నడుపుతున్న ఏటీఆర్ 72-600 అనే విమానం ప్రయాణికుడికి ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వదు, ఎందుకు ఇవ్వదు అన్నంతవరకే దీని పరిధి. దూరం ఐదు వందల కిలోమీటర్ల లోపు అయితే ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తాను. అది దాటితే మూడుకు మించి ఇవ్వలేను.

ఇది పాతకాలపు విమానమన్న అపోహ చాలామందిలో ఉంది. ఏటీఆర్ సంస్థ ఫ్రాన్సులోని తులూజ్ కేంద్రంగా పనిచేసే ఫ్రెంచి, ఇటాలియన్ల ఉమ్మడి సంస్థ. నేడు అందులో వాటాలు ఎయిర్‌బస్‌వి, లియోనార్డోవి. ఏటీఆర్ 72 తొలిసారి ఎగిరింది 1988లో అన్నది నిజమే కానీ, ఇప్పుడు మనం ఎక్కే 600 శ్రేణి కాక్‌పిట్‌లో ముల్లు గడియారాల స్థానంలో పెద్ద తెరలు వచ్చాయి, ఇంజన్లు మారాయి, లోపలి అమరికా మారింది. తయారీ ఆగిపోయిన విమానం కాదు, నేటికీ కొత్తవి వస్తూనే ఉన్నాయి. 2003లో ఎయిర్ డెక్కన్ బెంగళూరు నుంచి తొలి సర్వీసు మొదలుపెట్టినది దీనికన్నా ముందు వచ్చిన చిన్న విమానం ఏటీఆర్ 42తోనే. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం ప్రారంభమైనప్పుడు సిమ్లా-ఢిల్లీతో పాటు కడప-హైదరాబాదు మార్గంలోనూ ఎగిరినవి ఏటీఆర్‌లే. కడప సర్వీసు నడిపిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. దానికి కారణం డబ్బు ఇబ్బందులే తప్ప విమానం కాదు. అదే 2017 డిసెంబరులో ఇండిగో కూడా హైదరాబాదు నుంచి ఏటీఆర్‌లు నడపడం ప్రారంభించింది.

సీట్లు 78 మాత్రమే ఎందుకు అని అడిగేవారికి సమాధానం ఇంజినీరింగులో మాత్రమే దొరకదు, పన్నుల పుస్తకంలోనూ దొరుకుతుంది. మన దేశంలో 80 కంటే తక్కువ సీట్లున్న విమానాలకు దేశీయ సర్వీసుల్లో ల్యాండింగ్ రుసుము మినహాయింపు ఉంది. 40 వేల కిలోల లోపు బరువున్న విమానాలకు షెడ్యూల్డు సంస్థలు కొనే ఇంధనాన్ని కేంద్ర అమ్మకపు పన్ను చట్టం ప్రత్యేక జాబితాలో చేర్చడం వల్ల రాష్ట్రాలు దాని మీద ఇష్టం వచ్చినంత పన్ను వేయలేవు. ఏటీఆర్ 72-600 సీట్లు 78 దగ్గర, గరిష్ఠ బరువు 23 వేల కిలోల దగ్గర ఆగుతాయి కనుక ఈ రెండు వెసులుబాట్లూ దానికి దక్కుతాయి. ఇంధనం సంగతి చూస్తే, ఇది గంటకు సుమారు 700 నుంచి 800 కిలోలు తాగుతుంది, ఎయిర్‌బస్ ఏ320 జెట్టు రెండు వేల కిలోలకు పైగా తాగుతుంది. ఏ320లో సీట్లు రెండింతలకు పైగా ఉంటాయి, వేగమూ ఎక్కువే కాబట్టి, సీటు లెక్కన చూస్తే ప్రచారంలో వినిపించేంత తేడా ఉండదు. అసలు తేడా ఏమిటంటే, మంగళవారం మధ్యాహ్నం చెన్నై నుంచి రాజమండ్రికి 180 మందిని పోగుచేయడం కష్టం, డెబ్బై మందిని పోగుచేయడం సాధ్యం. ఆ ఊళ్లకు రోజూ విమానం ఉండటానికి కారణం అదే.

ఇక లోపలి సౌకర్యం. ఎక్కేది వెనుక తలుపు నుంచి, మెట్ల మీదుగా. ఏరోబ్రిడ్జి ఆశించకూడదు, వానలో గొడుగు కింద నడవక తప్పదు. సామాన్ల గది ముందువైపు, పైలట్లకూ ప్రయాణికులకూ మధ్య ఉంటుంది. జనమంతా వెనుక నుంచి ఎక్కుతారు కాబట్టి నేల మీద ఉన్నప్పుడు బరువు వెనక్కి ఒరగకుండా తోక కింద ఒక ఊతకర్ర నిలబెడతాము. దానిని చూసి "విమానానికి కర్ర పోటు పెట్టారేమిటి" అని నవ్వే ప్రయాణికులు ఉన్నారు, కానీ అది తయారీదారు చెప్పిన పద్ధతే. జనం తక్కువగా ఉన్న రోజున సిబ్బంది కొందరిని ముందు వరుసలకో వెనుక వరుసలకో మారమంటారు. అదీ బరువు సమతూకం కోసమే, దయచేసి వాదించవద్దు. సీట్లు రెండు పక్కలా రెండేసి. మధ్య సీటు అనే శిక్ష లేకపోవడం దీని పెద్ద సుఖం. వెడల్పు ఏ320 సీటుకు ఏమీ తీసిపోదు. పై అరలు మాత్రం చిన్నవి. చక్రాల సూట్‌కేసు చాలావరకు పట్టదు, మెట్ల దగ్గరే తీసుకొని సామాన్ల గదిలో వేసి దిగగానే ఇస్తారు. మందులు, నగలు, కాగితాలు విడిగా చేతి సంచిలో పెట్టుకోవడం మంచిది. ఆరడుగుల మనిషి నడవలో తల కాస్త చూసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఉక్కపోత. మే నెలలో చెన్నైలో మధ్యాహ్నం ఏటీఆర్ ఎక్కి కూర్చున్న వారెవరూ ఆ పది పదిహేను నిమిషాలను మరిచిపోరు. "ఏసీ పాడైంది" అనుకుంటారు; చాలాసార్లు ఏమీ పాడవదు. పెద్ద జెట్టు విమానాలకు తోకలో ఏపీయూ అనే చిన్న ఇంజను ఒకటి ఉంటుంది. ప్రధాన ఇంజన్లు ఆపి ఉన్నప్పుడు కరెంటుకూ చల్లగాలికీ అదే ఆధారం. ఏటీఆర్‌లో బరువు, ఖర్చు తగ్గించడానికి ఏపీయూ పెట్టలేదు. దానికి బదులుగా కుడి ఇంజను ప్రొపెల్లరుకు, అంటే పంకాకు, ఒక బ్రేకు అమర్చారు. ఆ బ్రేకు వేస్తే పంకా రెక్కలు కదలకుండా ఆగిపోతాయి, వెనుక ఇంజను మాత్రం తిరుగుతూ కరెంటునూ ఏసీకి కావలసిన గాలినీ ఇస్తుంది. దీనిని మా భాషలో హోటల్ మోడ్ అంటాము. జనం ఎక్కే తలుపు ఎడమ వైపున ఉండటం, బ్రేకు కుడి ఇంజనుకే ఉండటం కాకతాళీయం కాదు.

వినడానికి ఇది చక్కని ఉపాయమే, అయితే దీనికి షరతులున్నాయి. వెనుక నుంచి గాలి బలంగా వీస్తుంటే ఇంజను వదిలే వేడి పొగ తిరిగి దాని చుట్టూనే చేరే ప్రమాదం ఉంది కనుక అప్పుడు హోటల్ మోడ్ వాడకూడదు. పక్కన ఇంధనపు బండి, మనుషులు, ఇతర విమానాలు ఉన్న తీరును బట్టి కూడా ఆంక్షలుంటాయి. ఇంధనం పొదుపు చేయాలన్న ఒత్తిడి ఎలాగూ ఉంటుంది. అప్పుడు బయటి నుంచి జీపీయూ, అంటే నేల మీది కరెంటు యంత్రం, తీగ తగిలిస్తాము. అది కరెంటు మాత్రమే ఇస్తుంది: దీపాలు వెలుగుతాయి, తెరలు పనిచేస్తాయి, చల్లగాలి రాదు. చల్లగాలి బండిని తెచ్చి గొట్టం తగిలించే ఏర్పాటు ఉన్నచోట ఇబ్బంది తగ్గుతుంది, లేనిచోట విసనకర్రే గతి. రెండు ఇంజన్లూ తిరగడం మొదలయ్యాక చల్లబడుతుంది, పైకి లేచాక కొందరు శాలువా కూడా అడుగుతారు. ఇంజినీరుగా నేను ఈ రూపకల్పనను సమర్థించగలను. పసిపిల్లతో కూర్చున్న తల్లికి ఆ సమర్థన ఏమీ ఉపయోగపడదు. నేను కోసిన ఒక మార్కు ఇందుకే. ఉదయం ఆరేడు గంటల సర్వీసో రాత్రి సర్వీసో తీసుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. వానాకాలంలో పైనున్న గాలి రంధ్రాల నుంచి తెల్లని ఆవిరి దిగడం చూసి పొగ అని కంగారు పడేవారున్నారు. చెన్నై గాలిలోని తేమ చల్లబడి పొగమంచుగా మారడమే అది, జెట్టుల్లోనూ వస్తుంది.

శబ్దం విషయంలో పూర్తిగా మెచ్చుకోలేను, పూర్తిగా తప్పుపట్టనూ లేను. ఆరు రెక్కల ప్రొపెల్లరు, దాదాపు నాలుగు మీటర్ల వ్యాసం. బయలుదేరేటప్పుడు నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతుంది. గాలిలోకి లేచిన కొద్దిసేపటికి ఆ వేగాన్ని 82 శాతానికి తగ్గిస్తారు. అప్పుడు మోత ఒక్కసారిగా పడిపోతుంది. కొత్తవారు "ఇంజను ఆగిపోయింది" అని పక్కవారి చేయి పట్టుకునేది సరిగ్గా ఆ క్షణంలోనే. ఏమీ ఆగలేదు, ఎక్కడానికి అంత వేగం అక్కరలేదు, అంతే. దిగేటప్పుడు చక్రాలు నేలను తాకగానే వచ్చే గరగర శబ్దం కూడా ప్రొపెల్లరు రెక్కల కోణం మార్చి గాలినే బ్రేకుగా వాడటం వల్ల వచ్చేది. మోత, అదురు ఎక్కువగా తెలిసేది ప్రొపెల్లర్లు తిరిగే గీతకు దగ్గరగా, విమానపు రెక్కకు ముందున్న వరుసల్లో. రెక్క దాటి వెనక్కి వెళ్లేకొద్దీ హాయిగా ఉంటుంది, దిగేటప్పుడు తలుపూ దగ్గరే. ముందు వరుసకు అదనపు రుసుము కట్టడం జెట్టులో ఎలా ఉన్నా, ఏటీఆర్‌లో డబ్బు పెట్టి మోత కొనుక్కోవడమే.

కిటికీ దగ్గర కూర్చునేవారికి ఈ విమానం ఇచ్చే సుఖాన్ని జెట్టు ఇవ్వలేదు. రెక్క కిటికీలకు పైన ఉంటుంది, కింద ఏదీ అడ్డు రాదు. ఎగిరేది తక్కువ ఎత్తులో. 25 వేల అడుగులకు మించి ఎక్కడానికి దీనికి అనుమతి లేదు, చిన్న మార్గాల్లో అంతకంటే బాగా కిందనే ఉంటుంది. చెన్నై నుంచి ఉత్తరానికి వెళ్లేటప్పుడు మబ్బు లేని రోజున పులికాట్ సరస్సు, తీరం, ఆపైన కృష్ణా డెల్టాలోని కాలువలు, చేపల చెరువులు మ్యాపు విప్పినట్టు కనిపిస్తాయి. కొన్ని వరుసల నుంచి చక్రాలు విమానపు పొట్టలో నుంచి దిగడం, నేలను తాకి తెల్లగా పొగ రేపడం కూడా చూడవచ్చు. పిల్లలున్నవారు ఆ సీట్లు అడిగి తీసుకోవాలి. దీనికి మరో వైపు ఉంది. జెట్టు మబ్బుల మీదుగా పోతుంది, ఇది చాలాసార్లు మబ్బుల మధ్య నుంచి పోతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కుదుపులు ఖాయం. అవి ఇబ్బందే కానీ ప్రమాదం కాదు. బెల్టు బిగించుకొని, వేడి కాఫీ అడగకుండా ఉంటే చాలు.

భద్రత గురించి అడిగేవారు 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో 72 మంది మరణించిన ఏటీఆర్ ప్రమాదాన్ని ప్రస్తావిస్తారు. ఆ అడగడంలో తప్పేమీ లేదు. దర్యాప్తులో తేలింది ఇంజను లోపం కాదు. దిగేటప్పుడు రెక్క వెనుక చాచే పలకలైన ఫ్లాప్స్ మీట లాగవలసిన చేయి, ప్రొపెల్లర్లను అదుపు చేసే రెండు ఇంజన్ల కండిషన్ మీటలను కదిపింది. రెండు ప్రొపెల్లర్ల రెక్కలూ గాలికి అంచు తిప్పి, విమానాన్ని ముందుకు లాగకుండా ఉండిపోయి విమానం శక్తి కోల్పోయింది. ఇంజినీర్లు ఎక్కువగా గుర్తుంచుకునేది 1994 అక్టోబరులో అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర జరిగిన ప్రమాదాన్ని. 68 మంది పోయారు. రెక్క మీద పేరుకున్న మంచు కారణం. ఆ తర్వాతనే రెక్క ముందంచున ఉండే నల్లటి రబ్బరు తొడుగులను వెడల్పు చేశారు. వాటిని మేము బూట్లు అంటాము. గాలి నింపగానే ఉబ్బి, పేరుకున్న మంచును పగలగొట్టి రాలుస్తాయి. మన ఎండల్లో మంచు ఎక్కడిదని నవ్వకండి, దక్షిణాదిలోనూ పదహారు వేల అడుగుల చుట్టుపక్కల ఉష్ణోగ్రత సున్నాకు చేరుతుంది, మబ్బులో ఉంటే మంచు పడుతుంది. 2024 ఆగస్టులో బ్రెజిల్‌లో 62 మంది చనిపోయిన ప్రమాదంలోనూ మంచు ప్రస్తావన వచ్చింది. ఆ వార్త వచ్చాక బూట్ల మీద చిన్న చీలిక కనిపించినా చూసే చూపు మారింది.

మరో గందరగోళం ఇంజను పేరు వల్ల. 2023లో గో ఫస్ట్ దివాలాకు వెళ్లడం, ఆ ఏడాదే ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ తన పీడబ్ల్యూ1100జీ ఇంజన్ల భాగాల తయారీకి వాడిన లోహపు పొడిలో లోపాన్ని ప్రకటించడం, దాంతో డజన్ల కొద్దీ ఏ320 నియోలు నేల మీద నిలిచిపోవడం పత్రికల్లో చదివినవారు, ఏటీఆర్ మీదా అదే పేరు చూసి భయపడుతున్నారు. ఏటీఆర్‌లో ఉన్నవి ప్రాట్ అండ్ విట్నీ కెనడా వారి పీడబ్ల్యూ127 కుటుంబపు ఇంజన్లు. ఇంటిపేరు ఒకటే, కాపురాలు వేరు. ఆ పొడి లోపానికీ వీటికీ సంబంధం లేదు. బయలుదేరేటప్పుడు ఒక ఇంజను చెడిపోతే, రెండోది పైలట్ చేయి పెట్టకముందే తన శక్తిని పదో వంతు పెంచుకుంటుంది, చెడిన వైపు ప్రొపెల్లరు తానే అంచు తిప్పుకొని గాలికి అడ్డు తగలకుండా నిలుస్తుంది.

రాత్రి షిఫ్టులో మేము చేసే పని గురించి కొంత చెప్పకపోతే ఈ సమీక్ష సగమే అవుతుంది. ఆఖరి సర్వీసు వచ్చి బేలో నిలిచాక, తలకు దీపం కట్టుకొని విమానం చుట్టూ తిరగడంతో పని మొదలవుతుంది. ప్రొపెల్లరు రెక్కలు ఒక్కొక్కదాన్నీ పైనుంచి కిందకు అరచేత్తో తడుముతాము. రన్‌వే మీది గులకరాయి చేసిన గంటు కంటికి కనిపించకపోయినా గోటికి తగులుతుంది. ఈ రెక్కలు ఫైబర్‌తో చేసినవి, ముందంచుకు లోహపు తొడుగు. అనుమానం వచ్చిన చోట నాణెంతోనో చిన్న సుత్తితోనో తట్టి వింటాము: గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, లోపల పొర విడితే బోలుగా మోగుతుంది. ఎంత లోతు గంటు ఉంటే అక్కడే సానబట్టి సరిచేయవచ్చు, ఎంత దాటితే రెక్క మార్చాలి అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. నా అభిప్రాయానికి అక్కడ చోటు లేదు. చెన్నైలో సముద్రపు ఉప్పుగాలి మాకు అదనపు శత్రువు. ఇంజను లోపల పేరుకునే ఉప్పును కడగడానికి కంప్రెసర్‌లోకి నీళ్లు పంపే పని ఇక్కడ తరచు చేయాలి; లోపలి ఊళ్లలో పనిచేసే మిత్రులకు ఆ శ్రమ తక్కువ.

"సాంకేతిక కారణాల వల్ల ఆలస్యం" అన్న ప్రకటన వినగానే ప్రయాణికులు కోపగించుకుంటారు. పైలట్ టెక్ లాగ్ అనే విమానపు పుస్తకంలో ఒక స్నాగ్, అంటే లోపం, రాస్తే దానికి దారులు రెండే: సరిచేయడం, లేదా ఆ పరికరం లేకుండా ఎగరడానికి ఎంఈఎల్ అనే జాబితా అనుమతిస్తే గడువు రాసి వాయిదా వేయడం. ఆ గడువు కొన్నింటికి మూడు రోజులు, కొన్నింటికి పది, అంతగా ముఖ్యం కానివాటికి 120. చదువుకునే దీపం వెలగకపోతే వాయిదా వేయవచ్చు. ప్రొపెల్లరు అంచు తిప్పే ఏర్పాటులో అనుమానం ఉంటే విమానం కదలదు. చిన్న ఊళ్లలో చిక్కు ఏమిటంటే, అక్కడ విడిభాగాలూ ఉండవు, తగిన లైసెన్సున్న ఇంజినీరూ ప్రతిచోటా ఉండడు. రాజమండ్రిలో ఒక సెన్సరు పోతే దాన్ని మరో విమానంలో చెన్నై నుంచో హైదరాబాదు నుంచో పంపాలి, దానితో మనిషినీ పంపాలి. రోజుకు ఆరేడు సార్లు ఎగిరి దిగే విమానం ఉదయం గంట ఆలస్యమైతే సాయంత్రానికి అది రెండు గంటలవుతుంది. చెన్నైలో దిగి అంతర్జాతీయ విమానం పట్టుకోవలసినవారు ఆఖరి ఏటీఆర్‌ను నమ్ముకోకూడదు. మధ్యలో ఒక సర్వీసు తేడా ఉండేలా చూసుకోవాలి.

ధర, సమయం లెక్కలో ప్రత్యర్థి జెట్టు కాదు, రైలు. 2023 సెప్టెంబరులో వచ్చిన వందే భారత్ చెన్నై నుంచి విజయవాడకు ఏడు గంటల లోపే చేరుస్తోంది. విమానంలో గాలిలో గడిపేది గంటా గంటంపావు. మీనంబాక్కం చేరడం, తనిఖీలు, గన్నవరం నుంచి ఊళ్లోకి రావడం కలిపితే మొత్తం నాలుగు గంటలు దాటుతుంది. ఒంటరిగా పని మీద వెళ్లేవారికి ఆ రెండు మూడు గంటలు విలువైనవే, నలుగురు కుటుంబంగా సామానుతో వెళ్లేవారికి రైలే మేలు. రాజమండ్రికైతే లెక్క మారుతుంది: రాత్రంతా రైలు ఒకవైపు, గంటన్నర లోపు విమానం మరోవైపు. నేను విమానానికే ఓటు వేస్తాను. విశాఖపట్నానికి వెళ్లేవారు మాత్రం టికెట్టు తీసేటప్పుడు విమానం రకం చూసుకోవాలి. ఏటీఆర్ గంటకు ఐదు వందల కిలోమీటర్ల దగ్గర ఆగితే జెట్టు ఎనిమిది వందలు దాటుతుంది, అంత దూరానికి ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. బుకింగ్ పేజీలో సర్వీసు నంబరు పక్కన "ఏటీఆర్" అనో "ఏటీ7" అనో ఉంటుంది. అది కనిపిస్తే రెక్కకు వెనుక, ఉదయపు ఎండ తగలని ఎడమ కిటికీ సీటు తీసుకోండి. తీరం చూడాలనుకుంటే ఎండను భరించి కుడి వైపు కూర్చోండి.